ముప్ఫై కౌంటు అభ్యర్థి

ఉద్యోగం చేసుకుంటూ ఎంబీఏ చదవాలనుకునేవాడికి సీటొస్తుందో రాదో తేల్చేవాళ్లకు మా కృష్ణపట్నం వైపు కరువు లేదు. బిజినెస్ స్కూలు గడప తొక్కినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. అయినా కోచింగ్ సెంటర్లకంటే వాళ్లే నయం, ఫీజు అడగరు.

మా చిన్నాయన ముత్తుకూరు దగ్గర రొయ్యల గుంటలు వేస్తాడు. 2009లో వనామి రొయ్యకి అనుమతి వచ్చాక టైగర్ రొయ్యను వదిలి దాని వెంటపడ్డ రైతుల్లో ఆయనొకడు. ఎంబీఏ సీటుకి జీమ్యాట్ అనే పరీక్ష ఉందనీ, 205 నుంచి 805 దాకా స్కోరు ఇస్తారనీ, ఎవడికెంత వచ్చినా చివరంకె అయిదేననీ చెప్పా.

"805 కౌంటా? అది రొయ్యా, రొయ్యపొట్టా?" అన్నాడు.

ఆయన లోకంలో కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు. వంద కౌంటు రొయ్యకంటే ముప్ఫై కౌంటుకే మంచి రేటు. అంకె పెరిగితే విలువ కూడా పెరుగుతుందని ఒప్పించేసరికి చీకటి పడి, గుంటలో ఏరేటర్లు మొదలయ్యాయి. ఇక పర్సంటైల్ జోలికి పోలేదు.

తర్వాత నన్నే శాంపిల్ పట్టాడు. వయసెంత, సర్వీసెంత, చేతికింద ఎంతమంది, అప్పులెన్ని. అన్నీ విని, "నీకొస్తుంది లేరా. వాళ్లకి కావాల్సింది మధ్యలో తేలిపోకుండా చివరిదాకా ఫీజు కట్టేవాడు" అని తీర్పు చెప్పాడు.

మోటుగా ఉన్నా అందులో నిజముంది. బెంగళూరు ఐఐఎం 1998 నుంచే ఉద్యోగస్థులకు ఇలాంటి కోర్సు నడుపుతోంది. ఈ రకం కోర్సుల్లో స్కోరొక్కటే చూడరు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏం వెలగబెట్టావు, ఇప్పుడే ఎందుకు చదవాలి అని కూడా అడుగుతారు. ఆ వెలగబెట్టిందే వ్యాసంగా రాయాలి. "ప్రతికూల వాతావరణంలో సరుకు నష్టాన్ని నివారించే బృందానికి నాయకత్వం వహించాను" అని రాశా. జరిగిందేమిటంటే, మా పోర్టులో కార్తీకమాసం వానలో గొడుగు పట్టుకుని నిలబడి ఎరువుల బస్తాల మీద టార్పాలిన్లు కప్పించా. గొడుగు కూడా వాచ్‌మన్‌ది.

దూరం సంగతి చెప్పనక్కర్లేదు. మన రాష్ట్రానికి 2015లో వచ్చిన ఐఐఎం విశాఖలో ఉంది, నెల్లూరు నుంచి దాదాపు 600 కిలోమీటర్లు. చెన్నై అందులో మూడోవంతు కూడా లేదు. సినిమాలకీ ఆస్పత్రులకీ పోయినట్టే శని ఆదివారాల చదువుకీ అటే పోదామనుకున్నా.

మిగిలింది సిఫార్సు లేఖ. మా మేనేజరుగారిని అడిగితే, "నువ్వే రాసుకురావయ్యా, సంతకం పెడతా" అన్నారు. మన ఆఫీసుల్లో ఇది మామూలే. సొంత డబ్బాకి కూడా ఒక హద్దుంటుందని తెలిసినా, అవకాశం మళ్లీ రాదని రెండు పేజీలు కొట్టా: నేను లేకపోతే ఓడలు కదలవనీ, అర్ధరాత్రి క్రేన్ ఆగితే అందరూ ముందు నాకే ఫోన్ చేస్తారనీ.

ఆయన కళ్లజోడు సర్దుకుని, అక్షరం వదలకుండా చదివి, రెండు పేజీల కిందా సంతకం పెట్టారు.

"నువ్వింత పనివాడివని నాకిన్నాళ్లూ తెలీదయ్యా. ఇంక శని ఆదివారాలు నిన్నెట్లా వదిలేది?"