నమ్మని ముల్లు

లారీ క్యాబిన్‌లో ఎన్ని మీటర్లున్నా డ్రైవర్లు చూసేది స్పీడు మీటరునీ, డీజిల్ మీటరునీ. నా వైపు చూసేది ఇంజన్ పట్టేశాకే. అదీ తిట్టడానికే.

నేను ఆయిల్ ప్రెషర్ మీటర్ని. కరెంటుతో పనిలేని పాతకాలపు రకం. అద్దం వెనక సున్నా నుంచి పది కేజీల దాకా గీతలు, ఒక నల్ల ముల్లు, లోపల వంచిన ఇత్తడి గొట్టం. ఇంజన్ నుంచి సన్నటి రాగి పైపులో ఆయిల్ వచ్చి నెట్టిందంటే, తీర్థంలో పిల్లలు ఊదే కాగితం బూరలాగా ఆ గొట్టం కాస్త విచ్చుకుంటుంది. దాని కదలికే ముల్లు కదలిక. యూజీన్ బూర్డాన్ అనే ఆయన ఫ్రాన్సులో ఈ గొట్టానికి పేటెంటు తీసుకున్నది 1849లో. అప్పటికి ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని మధ్యలో ఉంది. 1847లో మొదలైన ఆ పని 1852కి గాని తెమల్లేదు. గోదావరి ఆనకట్టతో ఈడు కలిసిన వంశం మాదని నాకు కాస్త గీర.

నన్ను బిగించింది టాటా 1210 లారీకి. రావులపాలెం అరటి గెలలు, అంబాజీపేట కొబ్బరికాయలు, కడియం మొక్కలు, ఏది పడితే అది మోశాం. 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన మీద కొవ్వూరు నుంచి రాజమండ్రి దాటుతుంటే కింద రైలు పోయేది, పైన నా ముల్లు సన్నగా వణికేది. మొదటి డ్రైవరు పెద్దాయన. నా ముల్లు లేచేదాకా యాక్సిలరేటర్ మీద కాలు పెట్టేవాడు కాదు. "ముందు నూనె పైకెక్కనీరా" అనేవాడు క్లీనరుతో. చల్లని ఇంజన్ మీద నాలుగున్నర, వేడెక్కాక ఐడిలింగులో ఒకటిన్నర, రేజ్ చేస్తే మూడున్నర. ఈ మూడు అంకెలూ ఆయనకు కంఠతా వచ్చు. మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం రోడ్డును ఎంతసేపు చూసేవాడో నన్నూ అంతసేపు చూసేవాడు. అలాంటి కళ్లు మళ్లీ నాకు దొరకలేదు.

చాలామంది మేస్త్రులకే పట్టని సంగతి ఒకటి చెబుతాను. ఆయిల్ పంపు చేసేది ప్రెషర్ కాదు, అది ఆయిల్‌ని తోస్తుందంతే. క్రాంకుకీ బేరింగులకీ మధ్య సందు ఇరుగ్గా ఉంటే తోసిన ఆయిల్ సులువుగా పోలేక ఒత్తిడి పుడుతుంది. బేరింగులు అరిగి సందు పెరిగితే ఆయిల్ జారిపోతుంది, నా ముల్లు దిగిపోతుంది. అంటే నేను చూపించేది పంపు బలం ఒక్కటే కాదు, ఎవరికీ కనపడని బేరింగుల ఆరోగ్యం కూడా.

ఏళ్లు గడిచి ఇంజన్ పొగ వేయడం, ఆయిల్ తాగడం మొదలెట్టింది. ఓనరు మారాడు. కొత్త ఓనరు రీబోరు ఖర్చు లెక్కేసుకుని, యాక్సిడెంటైన లారీ నుంచి ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్ ఒకటి కొనుక్కొచ్చాడు. చైన్ పుల్లీతో పాతది దింపారు, మౌంటింగులు మార్చి కొత్తది ఎక్కించారు. అదంతా రెండో రోజుకల్లా అయిపోయింది. నా సంగతికొచ్చేసరికి రాగి పైపు జాయింటు దగ్గర ఆయిల్ చెమ్మ కనిపించింది. ఒక వాషరు వేస్తే పోయేది. "ఈ పాత గొట్టం ఎందుకండీ, కరెంటు మీటరు పెట్టేద్దాం" అన్నాడు కుర్ర మెకానిక్కు. కటింగ్ ప్లేయరుతో పైపు కత్తిరించి నన్ను టూల్ బాక్సులోకి విసిరాడు.

టూల్ బాక్సంటే మీకేం తెలుస్తుంది? పైన జాకీ, పక్కన తెగిన ఫ్యాన్ బెల్టు, కొబ్బరి తాళ్లు, ఎవరో మరిచిపోయిన బీడీ కట్ట. గోతిలో పడ్డప్పుడల్లా వీల్ స్పానర్ వచ్చి నా అద్దానికి కొట్టుకునేది. ఆ గీత ఇప్పటికీ ఉంది. వానాకాలంలో నీళ్లు దిగి వెనక స్క్రూలు తుప్పు పట్టాయి. నా స్థానంలోకి వచ్చినాయన పాత సామాన్ల కొట్టులోంచి తెచ్చిన రంగురంగుల మీటరు. చూడ్డానికి బాగుందని కొన్నారు. ఇంజన్‌తో వచ్చిన సెన్సారుకి వైరు కలిపేశారు. ఆ ఇద్దరిదీ ఒకే భాషేనా అని అడిగినవాడు లేడు.

సెన్సార్లలో జాతులున్నాయి. కొన్ని ప్రెషర్ లేనప్పుడు 10 ఓమ్‌లు, నిండుగా ఉన్నప్పుడు దాదాపు 180 ఓమ్‌లు ఇస్తాయి. ఇంకో జాతిది పూర్తిగా తిరకాసు: లేనప్పుడు 240, నిండుగా ఉంటే 33. మీటరు మొదటి జాతిది, సెన్సారు రెండో జాతిది. ఫలితం, రేజ్ చేసేకొద్దీ ముల్లు పడిపోవడం! ఓనరుకి గుండె జారింది. చాంబర్ విప్పారు, జాలీ కడిగారు, బాగానే ఉన్న పంపు తీసేసి కొత్తది వేశారు. చిక్కటి ఆయిల్ పోశారు. చిక్కటి ఆయిల్‌తో అసలు ప్రెషర్ పెరిగింది, ఆ తిరకాసు ముల్లు ఇంకా కిందికి దిగింది. టూల్ బాక్సులో నాకు నవ్వాగలేదు.

చివరికి రాజమండ్రిలో ఒక పాత మేస్త్రి దగ్గరికి తెచ్చారు. ఆయన స్పానర్ ముట్టుకోలేదు.

"ఓనరుగారూ, ఇంజన్ స్టార్టు చేయకుండా ఒట్టి తాళం తిప్పండి."

"ఆయ్, తిప్పానండి."

"ముల్లు ఎక్కడుందండి?"

"చివర... పదిలో ఉందండి."

"ఆగిన ఇంజన్‌కి పది కేజీల ప్రెషర్ ఎక్కడిదండీ?"

తర్వాత టూల్ బాక్సు వెతికి నన్ను తీశాడు. నా మొహం లుంగీ అంచుతో తుడిచి, కొత్త పైపు వేసి, సెన్సారు విప్పిన రంధ్రంలోనే బిగించాడు. వేడెక్కాక ఐడిలింగులో రెండు, రేజ్ చేస్తే నాలుగు. ఇంజన్ రాయిలా ఉంది. సరిజోడు సెన్సారు తెప్పించి వేశారు. నన్ను మళ్లీ బాక్సులో పడేశారు. కృతజ్ఞత అంటే అదే కాబోలు.

అసలు నష్టం తర్వాత జరిగింది. కొన్ని నెలలకి భీమవరంలో ఐసు పెట్టెల్లో చేపలు ఎక్కించుకుని హౌరా బయల్దేరాం. ఫీడ్ పంపు లీకై డీజిల్ కొంచెం కొంచెంగా ఆయిల్లోకి దిగుతోంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకపోగా పెరుగుతోంది. "కొత్త ఇంజన్ చుక్క ఆయిల్ తాగట్లేదు గురూ" అని క్లీనరు సంబరం. వాసన చూసినా, వేళ్ల మధ్య రాసి చూసినా తెలిసేది. పలచనైన ఆయిల్ బేరింగుల్లో నిలవలేదు. ఈసారి డాష్‌బోర్డు మీటరు నిజమే చెప్పింది: ఐడిలింగులో అర కేజీ కూడా లేదు. డ్రైవరు చూశాడు, చూసి, "దాని బుద్ధే అంత, ఇదివరకూ ఇంతే" అన్నాడు. చేపలు పాడవుతాయని తొందర. ఒడిశాలో ఇంజన్ టకటకమంది. బిగ్ ఎండ్ బేరింగులు పోయి, క్రాంకు గీసుకుపోయింది. చేపలు రోడ్డు పక్కనే కుళ్లాయి.

ఇప్పుడు నేను ఆ పాత మేస్త్రి షెడ్డులో ఉన్నాను. ఇంజన్ మార్చిన లారీ ఏదొచ్చినా ముందు నన్నే బిగిస్తాడు. జీతం లేదు గాని గౌరవం ఉంది, అద్దం మాత్రం మార్పించలేదు.

మీరూ ఇంజన్ మార్పిస్తే మీటరునీ సెన్సారునీ ఒకే జాతివి వేయించుకోండి. తాళం ఆన్ చేయగానే, ఇంజన్ ఆగి ఉండగా ముల్లు సున్నా మీద లేకపోతే అనుమానం మీటరు మీద, సెన్సారు మీద, వైరింగు మీద. పరుగులో ముల్లు పడిపోతే మాత్రం ఎవరిది తప్పో ఆలోచించే చోటు డ్రైవరు సీటు కాదు. బండి పక్కకి తీసి ఇంజన్ ఆపండి. నాలాంటివాణ్ని బిగించి చూడ్డానికి మేస్త్రికి అరగంట చాలు.