మూలవిరాట్టుకు మౌస్ ఎందుకు?

బడి కంప్యూటర్లలో పిల్లల ఖాతాకు మిగిలిన కాస్త వెసులుబాటునూ తీసేయాలన్న ఆదేశం చూసి చాలామంది నొచ్చుకున్నారు. అనవసరం. ఇకపై రైట్ క్లిక్ పలకదు, కంట్రోల్ ప్యానెల్ కనపడదు, సి డ్రైవ్ మాయం, వాల్‌పేపర్ మార్చరాదు. కంప్యూటర్ ల్యాబ్ గుడి అని పెద్దలు చివరికి ఒప్పుకున్నారన్నమాట. చెప్పులు ఎటూ గుమ్మం బయటే విడుస్తున్నాం. మానిటర్‌కు పూలగుడ్డ ముసుగు, దసరాకు పసుపు కుంకుమ ఎప్పటినుంచో ఉన్నాయి. లేనిదల్లా ఆగమశాస్త్రం, ఇప్పుడదీ వచ్చేసింది. ఇంక మొహమాటం దేనికి? అందరికీ కలిపి ‘స్టూడెంట్’ అనే ఒక్క ఖాతా ఉందిగా, అది ధర్మదర్శనం క్యూ. నలుగురేసి ఒక మానిటర్ ముందు నిలబడి, మౌస్ దక్కిన అదృష్టవంతుడి భుజం మీదుగా స్వామిని చూసుకుని కదలాలి. తనిఖీకి వచ్చే అధికారులకు బ్రేక్ దర్శనం. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మూలమంత్రం, చెవిలోనే చెప్పాలి. అది తెలిసిన సారు బదిలీ అయితే స్వామివారు యోగనిద్రలోకి వెళతారు. డిలీట్ కీ అపచారానికి మూలం కనుక పీకేయొచ్చు, ఎంటర్ అంతకన్నా ప్రమాదం. కీలన్నీ పోయాక కరెంటు వైరు కూడా తీసేస్తే వైరస్‌కు ప్రవేశమే ఉండదు.

పరిమిత ఖాతా తప్పని ఎవరూ అనడం లేదు. విండోస్ ఎక్స్‌పీ వచ్చిన 2001 నుంచీ దాని పని తెలిసిందే. కొత్త ప్రోగ్రాములు ఎక్కించనివ్వదు, సిస్టమ్ ఫైళ్ల జోలికి, పక్కవాడి ఫైళ్ల జోలికి పోనివ్వదు. అంతవరకు బాగానే ఉంది. పెన్‌డ్రైవ్‌లతో వైరస్‌లు వస్తాయి కదా అంటారు. రీస్టార్ట్ చేయగానే యంత్రం మొదటి స్థితికి వచ్చే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2007లోనే స్టెడీస్టేట్ పేరిట ఉచితంగా ఇచ్చింది. అది పోయినా డీప్ ఫ్రీజ్ లాంటివి ఉన్నాయి. చూడకూడని సైట్లంటారా, వాటిని ఆపాల్సింది నెట్‌వర్క్ దగ్గర, రైట్ క్లిక్ దగ్గర కాదు. ఎవరు చెడగొట్టారో తెలియడం లేదని మరో ఫిర్యాదు. క్లాసు మొత్తానికి ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి దొంగెవరని అడిగితే యంత్రం ఏం చెబుతుంది?

చూసుకునే మనిషి లేడన్నది ఒక్కటే నిజమైన అభ్యంతరం. నిజమే, లేడు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో అయిదు వేల హైస్కూళ్లకు కంప్యూటర్లు పెట్టి, నడిపే పనిని ప్రైవేటు సంస్థలకు అయిదేళ్ల ఒప్పందం మీద అప్పజెప్పారు. గడువు తీరాక బోధకులు ఇంటికి, పెట్టెలు మూలకు చేరాయి. కేరళ ఈ లోటుకు పిల్లలనే తోడు తెచ్చుకుంది. 2018 నుంచి అక్కడి బడుల్లో లిటిల్ కైట్స్ క్లబ్బుల పిల్లలు ల్యాబుల బాగోగులు చూడటంలో ఉపాధ్యాయులకు సాయపడుతున్నారు. అదే వయసు పిల్లలు ఇక్కడ అనుమానితులు.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం కంప్యూటర్ ఉన్న ఇళ్లు పట్టణాల్లో నూటికి 23.4, పల్లెల్లో 4.4. ఇలాంటి ఆదేశాలు రాసేవారి పిల్లలు ఇంట్లో ల్యాప్‌టాప్‌కు తామే అడ్మినిస్ట్రేటర్లు. చెడగొడతారు, నాన్న బాగుచేయిస్తాడు, మళ్లీ చెడగొడతారు, అలాగే నేర్చుకుంటారు. కూలింటి పిల్లకు వారంలో ఒక పీరియడ్ దొరికే ఆ యంత్రం తప్ప మరొకటి లేదు. ఫోల్డర్‌కు తన పేరు పెట్టుకుందామని రైట్ క్లిక్ నొక్కితే, ఆ అమ్మాయిని చూసి భయపడుతున్నారా? సిగ్గుండాలి. పిల్లలు చెడగొట్టిన కంప్యూటర్ మెకానిక్ వస్తే గంటలో లేస్తుంది. ముసుగు కిందే ముసలివైపోయిన వందల యంత్రాలకు జవాబుదారీ ఎవరు? ముందు ఆ లెక్క చెప్పండి. ఆదేశం వెనక్కి తీసుకోండి. ప్రతి పిల్లకూ తన పేరున ఒక ఖాతా, ప్రతి బడికీ ఒక కంప్యూటర్ సారు ఇవ్వండి.