తొట్టి నీళ్లు పారబోయరాదు

మా మేడమీది కలువ తొట్టిలో నీళ్లు పారబోసే హక్కు ఇంటి యజమానికి ఉందా లేదా అన్న విషయం ప్రస్తుతం విచారణలో ఉంది. ఇంటిపన్ను కట్టేది నేను, నల్లా బిల్లు కట్టేదీ నేనే. అయినా ఆ తొట్టి మా అమ్మాయి స్వాధీనంలోకి పోయింది. డిగ్రీలో జువాలజీ తీసుకున్న పిల్ల ఇంట్లో ఉంటే ఉద్యోగం సంగతి తర్వాత, చుట్టాల కోసం దాచిన తెల్ల పింగాణీ సాసర్లు మాత్రం ముందు మాయమవుతాయి.

తొట్టిలోంచి చెంచాడు నీళ్లు తీసి సాసర్లో పోస్తుంది. ఆ చెంచా పంచదార డబ్బాలోది. పక్కన స్కేలు పెడుతుంది. మిల్లీమీటరు గీతలు కనబడకపోతే ఫోటో చెల్లదట. ఫోనుకు భూతద్దం తగిలిస్తుంది. ఫోను నాది, కెమెరా బాగుందట. బ్యాంకులో ఆధార్ ఫోటో చూపిద్దామని తీస్తే, ఎర్రగా మెలికలు తిరిగిన పురుగొకటి తెరనిండా వచ్చింది. కౌంటర్లో కుర్రాడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఇంటికొచ్చి నిలదీస్తే, "అది కుట్టదు నాన్నా, కైరోనోమిడ్ లార్వా. బురదలో ఆక్సిజన్ తక్కువ కదా, అందుకే దాని ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది" అంది. నా హిమోగ్లోబిన్ ఎంతో ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

పేరు తెలిసింది కదా, ఇక పారబోద్దామంటే కుదరదు. తెలిసింది ఇంటిపేరేనట. జాతి తేలాలంటే దాని తలను స్లైడుమీద పెట్టి, సూక్ష్మదర్శినిలో నోటి పళ్లు చూడాలి. ఫోటోలో అది నోరు తెరవలేదు!

ఇంకో ఫోటోలో ఆవగింజంత తెల్ల చుక్క. తోక దగ్గర రెండు గుడ్ల సంచులు, తలలో ఒకే కన్ను. సైక్లాప్స్. నారికురుపు పురుగు పిల్లల్ని మోసే ఇలాంటి వాటిని దిగుడుబావి నీళ్లతో పాటు మింగినందుకే ఒకప్పుడు మన పల్లెల్లో నారికురుపులు లేచేవి. మన దేశంలో ఆ జబ్బు లేదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. జబ్బు పోయింది గాని ఈ ఒంటికన్ను మహాశయురాలు పోలేదు, నా ఖర్చుతో కాపురం చేస్తోంది.

నేనడిగింది ఒక్కటే: ఇందులో దోమ పిల్లలున్నాయా? ఉన్నాయట. కాని ఏ దోమ? క్యూలెక్స్ పిల్ల తోక దగ్గరి గొట్టాన్ని నీటి పైకి ఆనించి తలకిందులుగా వేలాడుతుంది. అనాఫిలిస్‌కు ఆ గొట్టం లేదు, నీటి పైపొరకు సమాంతరంగా పడుకుంటుంది. తొట్టి పక్కన కాసేపు కూర్చుంటే తేలిపోయే సంగతిది. పట్టుకొచ్చి లోతులేని సాసర్లో పోసి, నడినెత్తిన ఫోను పెట్టి ఫోటో తీస్తే అది వేలాడేదెక్కడ? రోనాల్డ్ రాస్ 1897లో మా సికింద్రాబాదులోనే దోమ పొట్ట కోసి, సూక్ష్మదర్శిని కింద చూసి మలేరియా గుట్టు పట్టాడు. ఆయన ఇంట్లోవాళ్లు సాసర్లు ఎన్ని పోగొట్టుకున్నారో మాత్రం చరిత్రకారులు రాయలేదు.

నాలుగు గప్పీ చేపలు వదిలితే అన్నీ తినేస్తాయి కదా అంది మా ఆవిడ. సాక్ష్యాలు మింగిస్తావా అమ్మా అని అమ్మాయి భోజనం మానేసింది. దాంతో ఆ ప్రతిపాదనా వాయిదా పడింది.

వారానికోసారి నిలవనీళ్లు పారబోయమని మునిసిపాలిటీ వాళ్లు చెప్పేది ఊరికే కాదు. ఈ ఎండలకి దోమ గుడ్డుకు రెక్కలు రావడానికి ఇంచుమించు అంతే పడుతుంది. మా ఇంట్లో విచారణకు అంతకంటే ఎక్కువే పట్టింది. నిన్న రాత్రి నిందితుల్లో ఒకటి నా ముంజేతిమీద వాలింది. చెయ్యెత్తానో లేదో, అమ్మాయి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"కొట్టకు నాన్నా, కదలకు! రెక్కలమీద మచ్చలుంటే అనాఫిలిస్. కాసేపు తాగనీ."