స్నానపు బాంబుకు టీకా తాత్పర్యం

మూలం: గోరువెచ్చని నీట వేయుడు, బుస్సున పొంగి కరగును, పొడిచర్మము వెన్నవలె మృదువగును.

స్నానపు బాంబుల పెట్టెల మీద కనిపించే మాటల సారమిది. వ్యాఖ్యాన సౌకర్యం కోసం గ్రాంథికంలో పెట్టుకున్నాం. ముందు సమాసం తేలాలి. బాత్ బాంబు అంటే స్నానము కొరకు బాంబు అని చతుర్థీ తత్పురుషం చెప్పడం సుఖం. స్నానమనెడు బాంబు అని రూపకం చెప్పేవారు వెల చూసి చెబుతున్నారు గనుక వారిని క్షమిద్దాం. పేలుడేమీ లేదు కాబట్టి బాంబు శబ్దం ఇక్కడ కేవలం రూఢి. 1989లో ఇంగ్లండులోని పూల్ పట్టణంలో, లష్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన మో కాన్‌స్టంటైన్ తన తోటలోని షెడ్డులో దీన్ని తయారుచేశారు. ఆమెకు ఆలోచన తట్టించింది గ్లాసు నీళ్ళలో బుసబుసలాడే ఆల్కా సెల్ట్‌జర్ బిళ్ళ. మన ఇళ్ళలో భోజనం అరగనప్పుడు చించే ఈనో ప్యాకెట్ దానికి దగ్గరి చుట్టం. బుస్సున = వంటసోడా, నిమ్మ ఉప్పు నీటిలో కలిసి కార్బన్ డయాక్సైడును వదలడం చేత; పొంగి = ఆ వాయువు బుడగలై పైకి రావడం చేత; కరగును = సోడియం సిట్రేటై నీళ్ళలో కలిసిపోవును. ఇంతవరకు మూలకారుడు సత్యవాది. చిక్కంతా మూడో వాక్యంలో ఉంది, ఎందుకంటే బుడగ గాలిలో కలిసేదే తప్ప చర్మానికి అంటేది కాదు.

‘స్నానం నుంచి లేచినప్పుడు చర్మం నిజంగానే మెత్తగా ఉంటుంది, ప్రత్యక్షానికి ప్రమాణమేల?’ అని పూర్వపక్షం. ఉంటుంది. కాని ఆ మెత్తదనం నీటిది. చర్మపు పైపొర నీరు పీల్చి ఉబ్బుతుంది. నీరు ఆవిరైతే మళ్ళీ బిగుసుకుంటుంది. నీళ్ళు బాగా వేడివై, నానడం అరగంట దాటిందా, పొరలో తేమను పట్టి ఉంచే కొవ్వులు కూడా కొంత కడుక్కుపోతాయి. సాయంత్రానికి పిక్క మీద గోటితో గీస్తే సుద్దముక్కతో గీసినట్టు తెల్లగీత పడేది అందుకే. చర్మవైద్యులు గోరువెచ్చని నీళ్ళు, అయిదు పది నిమిషాలు చాలంటారు. వాసనలు కలిపినవి పొడిచర్మానికి వద్దంటారు. బాంబుకు ప్రాణమేమో ఆ వాసనే! పైగా ఇంట్లో చేసుకునేవారి వాడుక కొలత రెండుపాళ్ళ సోడాకు ఒకపాలు నిమ్మ ఉప్పు. 100 గ్రాముల నిమ్మ ఉప్పుకు 131 గ్రాముల సోడా సరిపోతుంది, తక్కిన 69 గ్రాములు తొట్టిలోనే మిగిలి నీటిని క్షారం వైపు లాగుతాయి. చర్మపు పైభాగమేమో సహజంగా కాస్త ఆమ్లగుణం కలది.

‘మరి అందులో కోకో వెన్న, బాదం నూనె ఉన్నాయి కదా?’ అసలైన ఆక్షేపం ఇదే, కనుక ఓపిగ్గా విందాం. ఒక బాంబులో పది గ్రాముల నూనె ఉందనుకుంటే, 150 లీటర్ల తొట్టిలో లీటరుకు గ్రాములో పదిహేనో వంతు. నూనె పైకి తేలుతుంది గనుక లేచేటప్పుడు ఒంటికి కొంత అంటుతుందన్న మాట నిజమే. అందులో కొంత టవలు తుడుచుకుపోతుంది. ఊహలెందుకు, పరీక్షే జరిగింది. ఎగ్జిమా ఉన్న పిల్లల స్నానపు నీళ్ళలో తేమనిచ్చే నూనెలు కలిపితే మేలేమైనా ఉందా అని బ్రిటన్‌లో 480 మందికి పైగా పిల్లల మీద చూసి, 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం ప్రకటించారు. మామూలుగా ఒంటికి రాసే లేపనాలకు తోడుగా నీళ్ళలో కలిపినందువల్ల చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. అది బాంబు మీద పరీక్ష కాదని తార్కికులు అనవచ్చు. నూనె కోసమే చేసిన ద్రవం గట్టెక్కలేని చోట, సోడాలో కాసింత వెన్న కలిపిన ఉండ గట్టెక్కుతుందనడం సాహసం.

‘మనవాళ్ళ తలంటు కూడా నూనె స్నానమే కదా’ అంటే, పూర్వులు నువ్వులనూనెను గంగాళంలో పోయలేదు, అరచేత్తో ఒంటికి మర్దించారు. తేడా అంతా అక్కడే. తొట్టి లేని మన స్నానాల గదిలో బకెట్టులో వేస్తే నూనె చిక్కబడుతుందన్న తెలివైన వాదం కూడా నిలవదు. చెంబుతో పోసుకున్న నీళ్ళు ఒంటి మీద ఆగేది క్షణం, తక్కిందంతా తూము పాలు. రంగునీళ్ళలో కాసేపు సుఖంగా పడుకోవడానికైతే ఆక్షేపణ లేదు. సుఖం వేరు, చికిత్స వేరు.

తాత్పర్యం: స్నానం ముగించి, టవలుతో రుద్దకుండా అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని లేపనమో వాసెలినో రాసుకోవలెను. బాంబు వేసినవారు లేచేటప్పుడు గోడ పట్టుకోవలెను. వెన్న ఒంటికి ఎంత అంటిందన్నది వివాదాస్పదం గాని, తొట్టి అడుక్కి అంటిన జిడ్డుకు కాలు జారుతుందన్నది నిర్వివాదం.