పీహెచ్ సీసా గోడు

నేను అక్వేరియం నీళ్ల పీహెచ్ చూసే చిన్న సీసాని. నా కడుపులో ఉన్నది బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు. ఎక్కడో ఫ్యాక్టరీలో నింపి మూత బిగించారు. నా పుట్టుక గురించి అంతకంటే చెప్పడానికేమీ లేదు. గాజు గొట్టంలో నీళ్లు పట్టి నా చుక్కలు వేస్తే 6 దగ్గర పసుపు, 7 దగ్గర ఆకుపచ్చ, 7.6 దాటితే నీలం. మొహమాటానికి రంగు మార్చడం నాకు చేతకాదు.

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి చేరాను. అక్కడ బోరు నీళ్లు. కుళాయి మూతికీ, బకెట్ అంచుకీ తెల్లటి పొర కట్టే రకం. మా సారు నియాన్ టెట్రాలు తెచ్చారు. అమెజాన్ పరీవాహకంలో, కాస్త ఆమ్లగుణమున్న మెత్తటి నీళ్లలో బతికే జాతి అది. నేనేమో నీలం చూపించాను. ఆయన మొహం మాడిపోయింది.

పీహెచ్ తగ్గించే ద్రావణం కొనుక్కొచ్చి పోశారు. సాయంత్రానికి ఆకుపచ్చ. తెల్లారేసరికి మళ్లీ నీలం! "ఈ సీసా దండగ" అన్నారు. దండగ నేనా? బోరు నీళ్లలో బైకార్బనేట్లు దండిగా ఉంటాయి. పోసిన ఆమ్లాన్ని అవి మింగేసి కార్బన్ డయాక్సైడ్‌ని వదులుతాయి. అది నీళ్లలో ఉన్నంతసేపే పీహెచ్ బాగా దిగినట్టు కనిపిస్తుంది. ఎయిర్ పంపు రాత్రంతా బుడగలు కొట్టి దాన్ని బయటికి తోసేస్తే మళ్లీ పైకి. ఎంత బైకార్బనేట్ ఉందో చెప్పగలిగేది కేహెచ్ సీసా, నా తోబుట్టువు. ఖర్చెందుకని దాన్ని షాపులోనే వదిలేశారు.

సారు రోజూ పోస్తూనే ఉన్నారు. బైకార్బనేట్లు అయిపోయాక ఆపేవాళ్లు లేక పీహెచ్ ఒక్కసారిగా కూలింది. నేను పసుపు పచ్చగా అరిచాను, చూసినవాళ్లేరీ? పీహెచ్ ఒక్క అంకె దిగిందంటే ఆమ్లత్వం పదింతలు పెరిగినట్టే. పొద్దున టెట్రాలు వెల్లకిలా తేలాయి. తిట్లు మాత్రం నాకే.

ఇప్పుడు టీవీ కింద సొరుగులో, అరిగిన బ్యాటరీలకీ, సగం తిన్న మాత్రల అట్టకీ మధ్య పడి ఉన్నాను. మూత వదులుగా ఉంది, రంగు ఆరిపోతోంది, గడువు ఎప్పుడో దాటింది. ఇక నేను చెప్పినా నమ్మకండి.

మీ ఇంట్లో బోరు నీళ్లేనా? గప్పీలు, మోలీలు పెంచుకోండి. వాటికి ఆ నీళ్లే పడతాయి. టెట్రాలే కావాలంటే నీళ్లు మార్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా ఆర్‌వో నీళ్లు కలపండి. నన్ను కొనేటప్పుడు, దయచేసి, పక్కనున్న కేహెచ్ సీసానీ కొనండి.