ఎమ్మెల్యే గారి ఎక్కాల పుస్తకం

ఎమ్మెల్యే కావడానికి చదువు అక్కర్లేదంది రాజ్యాంగం. పాతికేళ్లు నిండితే చాలు. కానీ లెక్కలు రానివాడు ఆ కొలువులో ఐదేళ్లు నెట్టుకురావడం కష్టం.

మొదటి లెక్క నామినేషన్ నాడే మొదలవుతుంది. ఖర్చు పరిమితి 40 లక్షలు. తెలంగాణలో నియోజకవర్గానికి సగటున రెండున్నర లక్షలకు పైనే ఓటర్లు. భాగించి చూడండి, తలకి పదిహేను రూపాయలు. జెండాలు, మైకులు, కార్లు, కార్యకర్తల బిర్యానీ అన్నీ ఆ పదిహేనులోనే సర్దాలి. టీకెంత, టిఫినుకెంత అని ఎన్నికల అధికారులు రేట్ల పట్టిక కూడా ఇస్తారు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి లెక్క అప్పజెప్పాలి, అప్పజెబుతాడు కూడా. ఇంత పొదుపుగా సంసారం చేసే మగాడు మన ఇళ్లలో ఒక్కడైనా ఉన్నాడా? అరుగు మీద కూర్చుని ఈసారి ఓటుకి ఎంత ముట్టిందో చెప్పుకునేవాళ్ల లెక్కలో మాత్రం సున్నాలు కొంచెం ఎక్కువ. వాళ్లకు రేట్ల పట్టిక అందలేదనుకోవాలి.

గెలిచినాయన శాసనాలు రాస్తాడనుకుంటాం. ఆయన రాసేది సిఫారసు లేఖలు. బదిలీకో లేఖ, సీటుకో లేఖ, అన్నిటికన్నా ముఖ్యంగా తిరుమల బ్రేక్ దర్శనానికో లేఖ. తమ లేఖలు కొండ మీద చెల్లడం లేదన్నప్పుడు తెలంగాణ నేతలు పార్టీ భేదం మరిచి గొంతు కలిపారు. 2025 మార్చి నుంచి మళ్లీ తీసుకుంటున్నారు. బడ్జెట్ పద్దుల మీద అంత ఐకమత్యం నేనింకా చూడలేదు.

ఇక జీతం. 2016లో తెలంగాణ ఎమ్మెల్యేకి నెలకు రెండున్నర లక్షలు చేశారు. అందులో జీతమన్నది 20 వేలే. తక్కిన 2.30 లక్షలు నియోజకవర్గ భత్యం. అంటే ఆయనకు తన మీద కన్నా నియోజకవర్గం మీద పదకొండున్నర రెట్లు ప్రేమ ఎక్కువని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఆ ప్రేమ ముదిరినప్పుడే మనిషి కండువా మారుస్తాడు. ఎందుకయ్యా అంటే "నియోజకవర్గ అభివృద్ధి కోసం" అంటాడు. మరి నిన్నటిదాకా ఎందుకు ఉన్నట్టో ఎవరూ అడగరు.

అసలు గణితం ఇక్కడుంది. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. ఒక్కడు గోడ దూకితే తప్పు, మూడో వంతు మంది కలిసి దూకితే చీలిక, ఒప్పు. ఇది మరీ చవగ్గా ఉందని 2003లో సవరించి చీలికను ఎత్తేశారు, మూడింట రెండొంతుల మందితో విలీనమైతేనే ఇక చెల్లుతుందని తేల్చారు. దొంగతనాలు తగ్గాలని దొంగలు ఇకపై గుంపుగానే రావాలని ఊళ్లో టముకు వేయించినట్టుంది.

మనవాళ్లు ఈ లెక్కను ఎంత వంటబట్టించుకున్నారో చూడండి. 2018లో తెలంగాణలో కాంగ్రెస్ గెలిచినవి 19. రెండొంతులంటే 13 కావాలి. ఎంపీగా గెలిచిన ఉత్తమ్‌కుమార్ రెడ్డి 2019 జూన్‌లో శాసనసభ్యత్వం వదులుకున్నారు. 18 మిగిలారు, ఇక 12 చాలు. ఆ పన్నెండు మందీ వెంటనే టీఆర్ఎస్‌లో విలీనమైపోయారు. శేషం సున్నా. 2023లో అదే పార్టీ బీఆర్ఎస్ పేరుతో 39 గెలిచి ప్రతిపక్షంలో కూర్చుంటే, ఈసారి కాంగ్రెస్ గూటికి చేరినవాళ్లు పదిమందే. 26 నిండలేదు. వారిలో దానం నాగేందర్ బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే కాంగ్రెస్ టికెట్టు మీద సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. అయినా ఎవరు ఏ పార్టీవారో స్పీకర్ కార్యాలయానికి అంతుపట్టలేదు. చివరికి 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమని చెప్పాల్సి వచ్చింది.

ఆంధ్రలో లెక్క ఇంకా ముచ్చటైంది. 2014 తర్వాత వైసీపీ నుంచి టీడీపీలోకి వెళ్లినవారు 23 మంది. అందులో నలుగురు మంత్రులూ అయ్యారు. 2019 మే 23న ఓట్లు లెక్కపెడితే టీడీపీకి వచ్చినవీ 23. ఓటరు కూడా ఎక్కాలు చదువుకున్నాడన్నమాట. ఆ అంకె చూపి నవ్విన వైసీపీకి 2024లో 11 వచ్చాయి.

ఈ గణితంలో బొత్తిగా వెనకబడ్డ విద్యార్థి ఇల్లందు గుమ్మడి నర్సయ్య. ఐదుసార్లు గెలిచి కూడా సైకిలూ ఆర్టీసీ బస్సూ దాటి రాలేదు. ఆయన మీద ఇప్పుడు సినిమా తలపెట్టారు. ఆ వేషానికి ఒప్పుకున్నది కన్నడ నటుడు శివరాజ్‌కుమార్.