కామారావు

పెళ్ళి శుభలేఖ చేతికి రాగానే ఎవరైనా ముందు ముహూర్తం చూస్తారు. కొందరు ఫంక్షన్ హాల్ ఎంత దూరమో చూస్తారు. విందు పగలా రాత్రా అని చూసేవాళ్ళూ ఉంటారు. అతను మాత్రం కర్తా క్రియా కలిశాయో లేదో చూస్తాడు. వధూవరుల జాతకాల సంగతి ఆ తర్వాతే.

మొన్నొక ఇంగ్లిష్ శుభలేఖలో పెళ్ళికూతురి తండ్రి పేరు, దాని వెనకే 'ఎలాంగ్ విత్ ఫ్యామిలీ మెంబర్స్', ఆ వెనక 'ఇన్వైట్స్' అని ఉంది. అతను వెంటనే ఫోన్ చేశాడు.

"బాబాయ్, అద్భుతం!"

"అవున్రా, మంచి సంబంధమే దొరికింది. కుర్రాడు డల్లాస్‌లో..."

"సంబంధం గురించి కాదు బాబాయ్. 'ఇన్వైట్స్' చివర 'ఎస్' ఉంది చూశావూ! 'ఎలాంగ్ విత్' తర్వాత ఎంతమంది వచ్చినా లెక్కలోకి రారు. 'రాజు తమ్ముళ్ళతో సహా వచ్చాడు' అంటాం గానీ 'వచ్చారు' అనం కదా."

బాబాయి ఒక్క క్షణం ఆగి, "అది ప్రెస్సువాడు వేశాడ్రా, నాకేం తెలీదు" అన్నాడు. మొదటి నేరం ఒప్పుకుంటున్న గొంతుతో.

తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. ఆఫీసులో మాత్రం అతను కామారావు. కామాకి ఒక్కరోజు కూడా సెలవివ్వడని ఆ పేరొచ్చింది. హైదరాబాద్ ఐటీ కారిడార్లో ఏ ఆఫీసుకెళ్ళినా ఒక కామారావు ఉంటాడు. వయసు ముప్పై దాటి ఉంటుంది. ఉద్యోగం బాగానే ఉంటుంది, కానీ అది తనకు తగ్గది కాదన్న అనుమానం ఉంటుంది. గచ్చిబౌలిలో 2001 నుంచీ బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ ఉంది. ఆ గోడ పక్కనుంచి ఆఫీసుకెళ్ళే వాళ్ళలో ఏటా కొందరికి ఎంబీఏ మీద మనసు పుడుతుంది. మనసు పుట్టినవాళ్ళకి జీమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఎదురవుతుంది. జీమ్యాట్ మొదలెట్టినవాళ్ళకి, మొన్నమొన్నటిదాకా, సెంటెన్స్ కరెక్షన్ తగులుకునేది.

ఆ ప్రశ్న తీరు ఇది. ఊపిరి తిప్పుకోనివ్వని ఒక పొడుగాటి వాక్యం. అందులో కొంత భాగం కింద గీత. కింద అయిదు ఆప్షన్లు. 'ఎ' ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టే ఉండేది. అంటే అసలు తప్పే లేకపోవచ్చు కూడా. పాత జీమ్యాట్ వెర్బల్ సెక్షన్లో 65 నిమిషాలకు 36 ప్రశ్నలుండేవి. వాటిలో మూడో వంతు ఇవే. రీడింగ్ కాంప్రెహెన్షన్‌కి సమయం మిగలాలంటే వీటిని ఒక్కొక్కటీ ఎనభై సెకన్లలో తేల్చెయ్యాలి. ఇల్లు కొనబోయేవాడు గోడ తట్టి, కుళాయి తిప్పి, తలుపు లాగి చూసినట్టు ఆ వాక్యాన్ని చూడాలి.

కామారావు చదువు పదో తరగతిదాకా తెలుగు మీడియంలో సాగింది. ఇంగ్లిష్ అతనికి చెవిలోంచి రాలేదు, రెన్ అండ్ మార్టిన్‌లోంచి వచ్చింది. చిత్రంగా జీమ్యాట్‌లో అదే కలిసొచ్చింది. కాన్వెంటులో చదివిన పక్క సీటు మిత్రుడు "వినడానికి బాగుంది" అని ఆప్షన్ పెట్టి దెబ్బ తినేవాడు. వినడానికి బాగుండే తప్పుల్ని ఏరి పెట్టడమే ఆ పరీక్ష చేసేవాళ్ళ విద్య. ఏ ఇంగ్లిష్ వాక్యమూ చెవికి ఇంపుగా తోచని కామారావుకి ఆ ప్రమాదమే లేదు.

అతనికి అన్నిటికన్నా ఇష్టమైన తప్పు డాంగ్లింగ్ మాడిఫయర్. కొత్తగా చేరిన కుర్రాళ్ళని క్యాంటీన్లో కూర్చోబెట్టి చెబుతాడు. "వాకింగ్ డౌన్ ద స్ట్రీట్, చార్మినార్ లుక్డ్ బ్యూటిఫుల్. ఎవరు నడుస్తున్నారు?" కుర్రాళ్ళు మొహాలు చూసుకుంటారు. "చార్మినార్! నాలుగు మినార్లూ వేసుకుని పాతబస్తీలో నడుస్తోంది!" ఆపైన తెలుగులోకి దిగుతాడు. "'నడుచుకుంటూ వెళ్తుంటే చార్మినార్ అందంగా కనిపించింది' అంటే తప్పు లేదు. 'తుంటే' అన్నప్పుడు నడిచేది నువ్వు, కనిపించేది అది. అదే 'నడుచుకుంటూ చార్మినార్ అందంగా కనిపించింది' అను. మీ అమ్మమ్మ కూడా నవ్వుతుంది. అమ్మమ్మ ఏ కోచింగ్‌కి వెళ్ళింది?" ఆ ముక్కలో న్యాయం ఉందని కుర్రాళ్ళు ఒప్పుకుంటారు. టీ చల్లారిపోయిందని కూడా ఒప్పుకుంటారు.

అతని నమ్మకాలన్నీ ఇంత గట్టివి కావు. 'బీయింగ్' ఉన్న ఆప్షన్ కనబడితే కొట్టెయ్యమని ఎవరో సీనియర్ చెప్పాడు. అది నియమం కాదు, పరీక్షల లోకంలో తిరిగే పిల్లి శకునం. అయినా కామారావు ఎంత దూరం వెళ్ళాడంటే, 'హ్యూమన్ బీయింగ్' అన్న మాట చూసినా ఒకసారి అనుమానంగా ఆగుతాడు.

'లైక్' మీద పట్టింపు మరొకటి. పాత జీమ్యాట్ లెక్కలో ఉదాహరణ చెప్పడానికి 'సచ్ యాజ్' వాడాలి. 'లైక్' అంటే దాన్ని పోలినదని మాత్రమే అర్థం. ఒక రెస్టారెంట్ మెనూలో 'స్టార్టర్స్ లైక్ చికెన్ మెజెస్టిక్' అని చూసి సర్వర్ని పిలిచాడు. "ఇలా రాస్తే చికెన్ మెజెస్టిక్ లేదనీ, అలాంటిదే ఇంకేదో ఉందనీ అర్థం వస్తుంది, తెలుసా?"

"అవును సార్. మెజెస్టిక్ అయిపోయింది. అపోలో ఫిష్ ఉంది, తెమ్మంటారా?"

కామారావు ఆ పూట మాట్లాడకుండా అపోలో ఫిష్ తిన్నాడు.

ఇంట్లో గొడవ పోలికలతో వచ్చింది. హైదరాబాద్ జనాభాని చెన్నై జనాభాతో పోల్చాలి గానీ చెన్నైతో పోల్చకూడదని పాత జీమ్యాట్ పట్టుబట్టేది. తెలుగులో మనం "హైదరాబాద్ జనాభా చెన్నై కంటే ఎక్కువ" అని హాయిగా అనేస్తాం, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. ఒక ఆదివారం భార్య పులుసు వడ్డించి అడిగింది.

"ఏవండీ, నా పులుసు అత్తయ్య కంటే బాగుందా?"

"పులుసుని మనిషితో పోలుస్తున్నావు. 'అత్తయ్య పులుసు కంటే' అనాలి."

"సరే, సరిచేశాను. ఎ, నాది బాగుంది. బి, అత్తయ్యది బాగుంది. ఇప్పుడు చెప్పండి."

పక్క గదిలో అమ్మ టీవీ సౌండు తగ్గించింది. పాత జీమ్యాట్‌లో జవాబు పెట్టకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్ళే వీల్లేదు. పెట్టాక వెనక్కి వచ్చే వీలూ లేదు. ఆ సంగతి కామారావుకి పుస్తకం కంటే ఆ పళ్ళెం ముందే బాగా బోధపడింది.

అతనికొక పురాణం ఉంది. దాన్ని హరికథలా చెబుతాడు. 2002లో అమెరికా హైస్కూల్ పిల్లలు రాసే పీశాట్‌లో, 1993 నోబెల్ గ్రహీత టోనీ మారిసన్ మీద ఒక వాక్యం వచ్చింది. 'టోనీ మారిసన్స్ జీనియస్' అని మొదలై, తర్వాత ఆవిడ గురించి 'హర్' అని ఉంది. తప్పేమీ లేదని కీ చెప్పింది. మేరీలాండ్‌లో జర్నలిజం చెప్పే ఒక హైస్కూల్ టీచరు ఒప్పుకోలేదు. వాక్యంలో ఉన్నది 'మారిసన్' కాదు, 'మారిసన్ యొక్క'. ఆ 'హర్' ఎవరిని పట్టుకుని నిలబడాలి, అన్నాడు. అలాంటి నియమమే లేదని వాదించిన వ్యాకరణ పండితులూ ఉన్నారు. చివరికి 2003లో ఆ ప్రశ్నని తీసేసి మార్కులు మళ్ళీ లెక్కగట్టారు. లక్షల మంది పిల్లల స్కోర్లు పెరిగాయి. "ఒక్క 'హర్' కోసం!" అంటూ కామారావు ఇక్కడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు.

ఇంత తెలిసినవాడు క్లయింట్ కాల్‌లో నోరు విప్పడు. విప్పబోతాడు. వాక్యం మనసులో కూర్చుకుని, 'విచ్' ఏ నామవాచకాన్ని పట్టుకుందో సరిచూసుకునేలోగా మాట ఇంకొకరికి పోతుంది. రెండు లైన్ల మెయిల్‌కి నలభై నిమిషాలు పడుతుంది. ప్రమోషన్ వచ్చింది 'ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్' అని రోజుకి పదిసార్లు రాసే పక్క సీటు మిత్రుడికి.

పరీక్ష రెండుసార్లు రాశాడు. సెంటర్లో అరచేతి నరాల ఆనవాలు స్కాన్ చేస్తుంటే, హస్తరేఖలు కూడా చెబుతారేమోనని ఆశపడ్డాడు. లామినేట్ చేసిన పసుప్పచ్చ పేజీలూ మార్కరూ ఇచ్చారు. మొదటిసారి 640, రెండోసారి 690. మూడోసారికి ఎక్సెల్‌లో తప్పుల పట్టిక తయారైంది. ఏ తప్పు ఎన్నోసారి, ఏ వేళ, కాఫీకి ముందా తర్వాతా అన్నీ అందులో ఉన్నాయి.

అప్పుడొచ్చింది కబురు. 2023 నవంబరులో జీమ్యాట్ ఫోకస్ ఎడిషన్ మొదలైంది. 2024 జనవరి 31తో పాత పరీక్ష ఆగిపోయింది. కొత్త వెర్బల్ సెక్షన్లో 45 నిమిషాలకు 23 ప్రశ్నలు. అన్నీ రీడింగ్ కాంప్రెహెన్షన్, క్రిటికల్ రీజనింగ్. సెంటెన్స్ కరెక్షన్ ఒక్కటీ లేదు. కామారావు ఆ ప్రకటనని మూడుసార్లు చదివాడు, తప్పేదైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

నెల్లాళ్ళు దిగులుగా తిరిగాడు. ఎదురు ఫ్లాట్‌లో ఇంటర్ చదివే అమ్మాయి శాట్ రాస్తోందని తెలిశాక మొహంలో కళ వచ్చింది. డిజిటల్ శాట్ రీడింగ్ అండ్ రైటింగ్‌లో 64 నిమిషాలకు 54 ప్రశ్నలు. అందులో వ్యాకరణం ఇంకా బతికే ఉంది, ఆప్షన్లు మాత్రం నాలుగు. కామారావు మొదటి ప్రశ్నకి మూడు నియమాలూ రెండు మినహాయింపులూ చెప్పేసరికి ఆ అమ్మాయి ఎప్పుడో 'సి' పెట్టేసి కూర్చుంది. 'సి'యే సరైన జవాబు.

"ఎలా పెట్టావమ్మా?"

"అలాగే అంటారు కదా అంకుల్."

ఆ రాత్రి తప్పుల పట్టికలో కొత్త కాలమ్ ఒకటి తెరిచాడు. దానికేం పేరు పెట్టాలో ఇంకా తేలలేదు.

ఇప్పుడు కామారావు శాట్ క్లాసు చెబుతున్నాడు, ప్రతి ఆదివారం పదింటికి. ఫీజు లేదు, టీ కూడా ఇస్తారు. మీ పిల్లల్ని పంపదలచుకుంటే పంపండి. ముందురోజు మెసేజ్ పెట్టేటప్పుడు మాత్రం 'లెస్ డౌట్స్' అని రాయొద్దు, 'ఫ్యూవర్' అని రాయండి. లేకపోతే ఆ వారం క్లాసంతా దాని మీదే నడుస్తుంది.